ఫిల్టర్ పెడితే సరిపోతుందా? చిన్న మురుగునీటి ప్లాంట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

చిన్న ఊళ్ళ మురుగునీటి శుద్ధి గురించి అడగమన్నాం, అడిగారు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫిల్టర్ గురించే. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట కలిపేశాం.

ప్రశ్న: మా ప్లాంట్ 800 మందికి కట్టింది. ముందు సెప్టిక్ ట్యాంక్, తర్వాత రాళ్ళు పోసిన ట్రిక్లింగ్ ఫిల్టర్ (పేరుకే ఫిల్టర్, వడకట్టదు, రాళ్ళ మీది జిగురు పొరలో ఉండే సూక్ష్మజీవులు మురికిని తింటాయి), చివర్లో నలకలు అడుక్కి దిగే చిన్న సెటిలింగ్ ట్యాంక్. బయటికి పోయే నీళ్ళలో నలకలు లీటరుకు 30 నుంచి 35 మిల్లీగ్రాముల దాకా ఉంటున్నాయి. ఇక మీదట 10 దాటకూడదంటున్నారు. చివర ఒక ఇసుక ఫిల్టర్ పెట్టేస్తే అయిపోతుందని కాంట్రాక్టర్ మాట. నిజమేనా?

జవాబు: కావచ్చు. కానీ ఆయనకి సరే అనేముందు లీటరు పట్టే గాజు సిలిండర్ ఒకటి పట్టుకుని ప్లాంట్‌కి వెళ్ళండి. ట్రిక్లింగ్ ఫిల్టర్ కింద నుంచి వచ్చే నీళ్ళు, అంటే సెటిలింగ్ ట్యాంక్‌లోకి ఇంకా దిగని నీళ్ళు, సిలిండర్ నిండా పట్టి అరగంట కదపకుండా వదిలేయండి. పైన తేరిన నీళ్ళు మీ ట్యాంక్ నుంచి బయటికి పోతున్నవాటికన్నా తేటగా ఉన్నాయనుకోండి, లోపం ట్యాంక్‌లో ఉంది. గాజు సిలిండర్ అరగంటలో చేసిన పని అంత పెద్ద ట్యాంక్ చేయలేకపోతోందంటే దాని సంగతి ముందు చూడాలా వద్దా?

ట్యాంక్ ఎందుకు చేయలేకపోతోందో కనిపెట్టడం పెద్ద కష్టమేం కాదు. అడుగున పేరుకున్న మడ్డిని, అంటే స్లడ్జ్‌ని, తీయకుండా వదిలేస్తే అందులో నైట్రేట్ విరిగి నైట్రోజన్ బుడగలు పుడతాయి, ఆ బుడగలు స్లడ్జ్‌ని ముద్దలు ముద్దలుగా పైకి మోసుకొస్తాయి, మీరు వెళ్ళి నిలబడితే కళ్ళకే కనిపిస్తుంది. నీళ్ళు పొర్లిపోయే అంచు ఒక పక్కకి ఒరిగి ఉంటే నీళ్ళన్నీ ఆ పక్క నుంచే పరిగెత్తుతాయి, మిగతా ట్యాంక్ ఉన్నా లేనట్టే. ముందు పంపు ఉంటే అది ఆన్ అయినప్పుడల్లా ఒక్క తోపు తోస్తుంది. ఇలాంటి ట్యాంక్‌లో నీళ్ళు పైకెక్కే వేగం గంటకు సుమారు 1 మీటరు దాటితే తేలికపాటి నలకలు కిందికి దిగే ప్రసక్తే లేదు. నేను చూసిన ఒక ప్లాంట్‌లో ఫిల్టర్ కోసం పునాది కూడా తవ్వేశారు. ఈలోగా ఎవరో బుద్ధిమంతుడు అంచుని లెవెల్ చేయించి, వారానికోసారి తీసే స్లడ్జ్‌ని రోజూ కాస్త కాస్తగా తీయించాడు, నలకలు దాదాపు సగానికి పడిపోయాయి. ఫిల్టర్ తర్వాత పెట్టారనుకోండి, కాకపోతే ముందు అనుకున్నదానికన్నా చిన్నది.

అరగంట ఆగాక కూడా సిలిండర్‌లో నీళ్ళు కలకగానే ఉంటే అది వేరే కథ. వెనక రాళ్ళ మీద ఉండే జిగురు పొర తన పని పూర్తి చేయట్లేదు, లోడ్ ఎక్కువైంది, లేదా నీళ్ళు రాళ్ళంతటా సమంగా పడట్లేదు, తిరిగే చేతుల రంధ్రాలు సగం మూసుకుపోయి ఉంటాయి. ఆ కలకని ఇసుక సరిగా పట్టుకోలేదు కూడా.

ఇంకో పరీక్ష ల్యాబ్‌లో చేయించాలి, ఇది మాత్రం తప్పించుకోవద్దు. బయటికి పోయే నీళ్ళకి బీఓడీ (నీళ్ళలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకి కావాల్సిన ఆక్సిజన్, ఇదీ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే) రెండుసార్లు చూడమనండి, ఒకటి ఉన్నది ఉన్నట్టుగా, రెండోది ల్యాబ్‌లో వడకట్టాక. మొత్తం 28 వచ్చి, వడకట్టాక 10 వచ్చిందంటే 18 నలకలతోనే పోతోందని అర్థం, ఫిల్టర్ మీకు బాగా పనికొస్తుంది. వడకట్టాక కూడా 22 వచ్చిందా, మీరు ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా మిగిలేది ఆ 22. నీళ్ళలో కరిగిపోయినదాన్ని ఇసుక ఆపదు. అమ్మోనియా కూడా అంతే. చక్కెర కలిపిన నీళ్ళని గుడ్డలో వడకడితే తీపి పోతుందా!

పాత ప్లాంట్‌లకి అసలు ఫిల్టర్ ఎందుకు లేదని మీతోపాటు ఇంకొందరు అడిగారు. అప్పట్లో అడిగింది అంతే మరి. 1912లో బ్రిటన్‌లో మురుగునీటి మీద వేసిన రాయల్ కమిషన్ నలకలు 30, బీఓడీ 20 ఉంటే చాలంది, అదీ నదిలో కనీసం 8 రెట్లు మంచినీళ్ళు కలుస్తాయన్న లెక్కతో. ఆ అంకెలు చాలా దేశాల్లో ఇంజినీర్ల బుర్రల్లో పాతుకుపోయాయి. రాళ్ళ ఫిల్టర్, సెటిలింగ్ ట్యాంక్ ఈ రెండూ బాగా నడిస్తే 30 వస్తుంది, 10 రాదు. కాబట్టి మీ ఆపరేటర్‌ని తిట్టకండి, 30కి కట్టినదాన్ని ఇప్పుడు 10 ఇమ్మంటున్నాం.

ప్రశ్న: ఇసుక, గుడ్డ, గులకరాళ్ళు, రెల్లు మడుగు, మెంబ్రేన్... ఒక్కో కంపెనీ ఒక్కోటి చెబుతోంది. చిన్న ప్లాంట్‌కి ఏది మంచిది? మాకు రోజుకి 100 క్యూబిక్ మీటర్ల నీళ్ళు వస్తాయి.

జవాబు: రోజుకి 100 అన్నారు, దాంతో ఫిల్టర్ సైజు కట్టకూడదు. 100ని 24తో భాగిస్తే గంటకు 4 చిల్లర వస్తుంది. చిన్న ఊరిలో ఎవరూ ఆ చొప్పున నీళ్ళు వాడరు. పొద్దున అందరూ ఒకేసారి లేస్తారు, గంటకు 12 నుంచి 15 దాకా వచ్చేస్తుంది, అర్ధరాత్రి దాదాపు ఏమీ ఉండదు, వాన పడితే లెక్కే లేదు. ఊరు ఎంత చిన్నదైతే ఈ ఎగుడుదిగుడు అంత ఎక్కువ. ఫిల్టర్‌ని 15కి కట్టాలి, అలాగే రాత్రిపూట నీళ్ళు ఆగిపోయినప్పుడు లోపల కుళ్ళకుండా కూడా చూసుకోవాలి. ముందు ఒక బ్యాలెన్సింగ్ ట్యాంక్ (ఒక్కసారిగా వచ్చిన నీళ్ళని ఆపి సమంగా వదిలేది) కట్టుకునే చోటుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక రకాల సంగతి. మామూలు ఇసుక ఫిల్టర్ గంటకు 5 నుంచి 10 మీటర్ల వేగంతో నడుస్తుంది, గంటకు 15 క్యూబిక్ మీటర్లకి 2 చదరపు మీటర్లు చాలు, గదిలో ఒక మూల పడుతుంది. నలకలు 10 లోపుకి తెస్తుంది. చిక్కేంటంటే నీళ్ళు ఇసుక గుండా దిగడానికి మీటరున్నర నుంచి 2 మీటర్ల ఎత్తు తేడా కావాలి. పాత ప్లాంట్‌లో ట్యాంక్ అంచుకీ కాలువకీ మధ్య అంత తేడా ఉండదు, పంపు పెట్టాల్సి వస్తుంది, ఆ పంపు ఏమో అప్పటిదాకా ముద్దగా ఉన్న నలకల్ని పిండి పిండి చేసి ఫిల్టర్‌కి అందిస్తుంది. పంపు తప్పనిసరైతే మెల్లగా తిరిగేది తీసుకోండి.

ఆగకుండా కడుక్కునే ఇసుక ఫిల్టర్ ఇంకొకటుంది. నీళ్ళు కింద నుంచి పైకి వెళ్తాయి, ఇసుక పైనుంచి కిందికి మెల్లగా జారుతుంది, అడుగున మురికైన ఇసుకని గాలి గొట్టం ఎత్తి పైన కడిగి మళ్ళీ పరుస్తుంది. బ్యాక్‌వాష్ (నీళ్ళని వెనక్కి తోసి ఇసుక కడగడం) కోసం ఆపక్కర్లేదు, మురికి నీళ్ళు కూడా ఒక్కసారిగా కాకుండా సన్నటి ధారగా వస్తాయి, ఇది చిన్న ప్లాంట్‌కి వరమే. కానీ కంప్రెసర్ ఆగితే అన్నీ ఆగుతాయి. ఆ గాలి గొట్టం మూసుకుపోయిందో లేదో రోజూ చూసే మనిషి ఉండాలి.

గుడ్డ డిస్క్ ఫిల్టర్ మీద నాకు కొంచెం పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. గుండ్రటి చట్రాల మీద మందపాటి పోగుల గుడ్డ బిగిస్తారు, నీళ్ళు బయట నుంచి లోపలికి వెళ్తాయి, మురికి పోగుల మధ్య చిక్కుకుంటుంది, చట్రం తిరుగుతుంటే ఒక పీల్చే గొట్టం దాన్ని లాగేస్తుంది. కడుగుతున్నప్పుడు కూడా మిగతా గుడ్డ వడపోస్తూనే ఉంటుంది. ఎత్తు తేడా ఇసుకకి కావాల్సినదాంట్లో కొంత భాగం చాలు, అందుకే పాత ప్లాంట్‌కి తగిలించడం తేలిక. గ్రీజు, నూనె మాత్రం దీనికి శత్రువులు.

గులకరాళ్ళ పొర అంటే సెటిలింగ్ ట్యాంక్ పైభాగంలోనే జాలీ వేసి, దాని మీద జానెడు మందాన సన్న గులకరాళ్ళు పరచడం. నీళ్ళు వాటి సందుల్లోంచి పైకొస్తాయి. కరెంటు అక్కర్లేదు, మట్టం దించి గొట్టంతో కడిగితే శుభ్రమవుతుంది. 30ని 15, 20 దాకా తెస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. మీకు కావాల్సింది 20 అయితే మాత్రం మిగతావి కొనడం దండగ.

రెల్లు మడుగు అంటే రెల్లు నాటిన గులకరాతి పరుపు, దీనికి స్థలం ఉండాలి. సెటిలింగ్ ట్యాంక్ తర్వాత పెట్టేదైతే మనిషికి 0.7 నుంచి 1 చదరపు మీటరు, అంటే 800 మందికి 560 నుంచి 800 చదరపు మీటర్ల గులకరాతి పరుపు. మోటార్లు ఉండవు, పిట్టలొస్తాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ దీనికి బ్యాక్‌వాష్ లేదన్న విషయం గుర్తుంచుకోండి, పట్టుకున్న మడ్డి అంతా ఆ రాళ్ళ మధ్యే పేరుకుంటుంది. కొన్నేళ్ళకి నీళ్ళు పైనుంచే పారడం మొదలవుతుంది, అప్పుడు రాళ్ళన్నీ తవ్వి కడగాలి, లేదా మార్చాలి. ఆ రోజు కోసం ఇప్పుడే దారి వదిలిపెట్టండి, తవ్వే యంత్రం వెళ్ళడానికి చోటు లేకుండా చుట్టూ గోడ కట్టేసిన మడుగులు ఉన్నాయి.

మెంబ్రేన్ అంటే కంటికి కనిపించనంత సన్న రంధ్రాల పొర, నీళ్ళు అద్దంలా ఇస్తుంది. నీళ్ళు తిరిగి వాడుకునే అవసరం, శిక్షణ ఉన్న మనిషి, నమ్మకమైన కరెంటు ఈ మూడూ ఉంటే ఆలోచించండి, లేకపోతే వద్దు.

ప్రశ్న: మా ప్లాంట్‌కి ఫిల్టర్ పెట్టి ఆరు నెలలైంది. మొదట్లో నీళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇప్పుడు రోజుకి నాలుగైదు సార్లు బ్యాక్‌వాష్ అడుగుతోంది, బ్యాక్‌వాష్ చేశాక ఇంకా త్వరగా మూసుకుపోతోంది. ఇసుక మార్చాలా?

జవాబు: ఇసుకకి ముందు ఒక మాట చెప్పండి, బ్యాక్‌వాష్ నీళ్ళు ఎక్కడికి వదులుతున్నారు? రాయలేదు కానీ ప్లాంట్ మొదట్లో తిరిగి కలిపేస్తున్నారనే నా అనుమానం.

లెక్క వేద్దాం. 2 చదరపు మీటర్ల ఫిల్టర్‌ని గంటకు 40 మీటర్ల వేగంతో 8 నిమిషాలు కడిగితే దాదాపు 10.7 క్యూబిక్ మీటర్ల నీళ్ళు. ఆ 8 నిమిషాలూ అవి గంటకు 80 చొప్పున మీద పడుతున్నట్టు. మీది కూడా రోజుకి 100 వచ్చే ప్లాంట్ అనుకుంటే సగటు గంటకు 4, అంటే 20 రెట్ల వరద మీరే తెప్పిస్తున్నారు! సెటిలింగ్ ట్యాంక్‌లో కూర్చున్నదంతా లేచి ఫిల్టర్ మీదికొస్తుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, మళ్ళీ బ్యాక్‌వాష్, మళ్ళీ వరద. పాము తన తోక తానే మింగుతున్నట్టు.

పైగా అవి పల్చటి నీళ్ళు కావు. నలకలు 30 నుంచి 8కి దిగాయంటే 100 క్యూబిక్ మీటర్లకి రోజుకి 2.2 కిలోల పొడి మడ్డి ఫిల్టర్‌లో ఆగింది. అది 10.7 క్యూబిక్ మీటర్లలో కలిస్తే లీటరుకు 200 మిల్లీగ్రాములు, ఇంచుమించు ఇళ్ళ నుంచి వచ్చే పచ్చి మురుగంత. ఫిల్టర్ దేన్నీ మాయం చేయదు, పట్టుకుని వెనక్కిస్తుంది. ఆ మడ్డి చివరికి స్లడ్జ్‌గా ట్యాంకర్ ఎక్కి ప్లాంట్ దాటిపోవాలి, లేకపోతే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. టెండర్ కాగితాల్లో ఫిల్టర్‌కి పది పేజీలుంటాయి, ఈ నీళ్ళకి ఒక్క లైను ఉండదు.

చేయాల్సింది, బ్యాక్‌వాష్ మొత్తం పట్టే ట్యాంక్ ఒకటి, కనీసం ఒకటిన్నర కడుగుళ్ళు పట్టేలా. అందులో తేరనిచ్చి, పై నీళ్ళని రాత్రిపూట సన్నగా ప్లాంట్ మొదటికి వదలండి, అడుగుది స్లడ్జ్ ట్యాంక్‌లోకి. ఇది చేశాక కూడా ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంటే అప్పుడు ఇసుక తవ్వి చూడండి, మడ్డి, ఇసుక కలిసి ఉండలు కట్టి ఉంటే కడిగేటప్పుడు గాలి సరిగా రావట్లేదని. నీళ్ళు ఒక్కటే ఎంత పంపినా ఆ జిగురు వదలదు, ముందు గాలితో ఇసుకని బాగా కుదపాలి.

ప్రశ్న: ఫాస్ఫరస్ కూడా తగ్గించమంటున్నారు. అదే ఫిల్టర్‌తో రెండు పనులూ అవుతాయా?

జవాబు: ఒట్టి ఫిల్టర్‌తో కాదు. ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం కరిగి ఉంటుంది. నలకల్లో ఉండేది వాటి పొడి బరువులో 2 శాతం దగ్గర, 30 మిల్లీగ్రాముల నలకలకి 0.6 అన్నమాట. మీ నీళ్ళలో మొత్తం 6 ఉందనుకుంటే ఫిల్టర్ తీసేది అర మిల్లీగ్రాము. అందుకే ముందు ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ఇనుము లవణం కలిపి కరిగినదాన్ని గడ్డ కట్టించాలి. రసాయన లెక్క ప్రకారం 1 గ్రాము ఫాస్ఫరస్‌కి 1.8 గ్రాముల ఇనుము, ఆచరణలో దానికి ఒకటిన్నర నుంచి మూడు రెట్లు పోస్తారు.

కానీ ఎక్కడ పోస్తున్నారన్నది ముఖ్యం. చాలామంది ఫిల్టర్‌కి సరిగ్గా ముందు పోస్తారు, ఒక గంటలో ఫిల్టర్ సిమెంట్ పూసినట్టవుతుంది. ఎక్కువ భాగం మొదటి ట్యాంక్ ముందో, సెటిలింగ్ ట్యాంక్ ముందో కలిపి ఆ మడ్డిని అక్కడే దించేయండి, ఫిల్టర్ ముందు చిటికెడు మాత్రమే. రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. స్లడ్జ్ పెరుగుతుంది, దాన్ని తీసుకెళ్ళే ట్యాంకర్ ట్రిప్పులూ పెరుగుతాయి. ఇనుము నీళ్ళలోని క్షారతని (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) తినేస్తుంది, 1 మిల్లీగ్రాము ఇనుముకి సున్నపురాయి (కాల్షియం కార్బొనేట్) లెక్కలో 2.7 మిల్లీగ్రాములు. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకీ అదే క్షారత కావాలి. మీ నీళ్ళు మెత్తటివైతే, అంటే వాటిలో క్షారత తక్కువైతే, ఫాస్ఫరస్ తగ్గిందని సంబరపడేలోపు అమ్మోనియా పెరుగుతుంది.

ప్రశ్న: ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్ళు మంచినీళ్ళలా మెరుస్తున్నాయి. కూరగాయల తోటకి పెట్టుకోవచ్చా?

జవాబు: మెరుపు చూసి మోసపోకండి. నులిపురుగుల గుడ్లు పెద్దవి, 20 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైమాటే, వాటిని మంచి ఫిల్టర్ చాలావరకు ఆపుతుంది. బ్యాక్టీరియా 1 మైక్రాన్ దగ్గర, వైరస్ దానికన్నా ఎన్నో రెట్లు చిన్నది, ఇసుకకీ గుడ్డకీ అవి సగంలో సగం కూడా భయపడవు. పచ్చిగా తినే పంటలకి వాడే మురుగునీటి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పిన హద్దులు, లీటరుకు 1 పురుగు గుడ్డు, 100 మిల్లీలీటర్లకి 1000 మల కోలిఫారాలు (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) దాటకూడదు. ఫిల్టర్ తర్వాత నీళ్ళలో ఆ కోలిఫారాలు వేలల్లో, లక్షల్లో ఉండటం మామూలే.

కాబట్టి తర్వాత అల్ట్రావయొలెట్ దీపాలో క్లోరినో ఉండాలి, ఫిల్టర్ అసలు విలువ తెలిసేది అక్కడ. నలకలు ఎక్కువుంటే క్రిములు వాటి నీడలో దాక్కుంటాయి, దీపం కాంతి తగలదు. 10 లోపు ఉంటే దీపం పని చేస్తుంది. క్లోరిన్ అయితే ముందు అమ్మోనియా చూసుకోండి, అది ఎక్కువుంటే పోసిన క్లోరిన్ దానితోనే కలిసిపోయి బలహీనపడుతుంది. పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆకుకూరలకి వద్దు. మీ చోట ఇలాంటి నీళ్ళు తోటకి వాడటానికి అనుమతి కావాలేమో అదీ కనుక్కోండి.

ప్రశ్న: తడి తుడుపు గుడ్డలు ఫిల్టర్‌కి అడ్డం పడతాయా?

జవాబు: అక్కడిదాకా వచ్చాయంటే ముందు జల్లెడ లేదని అర్థం. 6 మిల్లీమీటర్ల జల్లెడ ప్లాంట్ మొదట్లో పెట్టండి.

ప్రశ్న: నేను ప్లాంట్ ఆపరేటర్‌ని. ఐదు ప్లాంట్‌లు చూసుకోవాలి, ఒక్కోదానికి వారానికి రెండుసార్లే వెళ్ళగలను. వీటిలో ఒకదానికి ఫిల్టర్ పెడుతున్నారు. నన్నెవరూ అడగలేదు. నేనేం అడగాలి?

జవాబు: ఈ ఉత్తరం ముందే వచ్చుంటే పైన రాసినవి సగం రాసేవాణ్ణి కాదు. మీరు లేని మిగతా ఐదు రోజులూ అది తనంతట తాను కడుక్కోవాలి, కాబట్టి బ్యాక్‌వాష్ టైమర్‌తోనూ, ఫిల్టర్ మీద నీటిమట్టంతోనూ రెండు విధాలా మొదలవ్వాలి. మూసుకుపోయినప్పుడు నీళ్ళు ఎటు పోతాయని అడగండి. బైపాస్ ఉండాలి, అది తెరుచుకుంటే మీ ఫోన్‌కి మెసేజ్ రావాలి. బైపాస్ లేకపోతే సెటిలింగ్ ట్యాంక్ పొర్లి పక్క పొలంలోకి పోతుంది, మెసేజ్ లేకపోతే ఫిల్టర్ పక్కనుంచి నెలల తరబడి నీళ్ళు పోతున్నా ఎవరికీ తెలియదు. ఫిల్టర్ ముందూ వెనకా శాంపిల్ తీయడానికి రెండు ట్యాప్‌లు అడగండి, డ్రాయింగ్ దశలో అడిగితే ఏమీ కాదు, కట్టాక అడిగితే పైపు కోయాలి. గుడ్డలైతే ఒక సెట్ స్పేర్, ఇసుకదైతే గాలి గొట్టానికి కావాల్సిన విడిభాగాలు మొదటి రోజే మీ గదిలో ఉండాలి. పైకెక్కి చూడ్డానికి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ, రాత్రికి లైటు. గుడ్డ ప్యానెల్ ఒక్కరే విప్పి బిగించగలరా అని కంపెనీ మనిషిని మీ ఎదురుగానే చేసి చూపించమనండి, వాళ్ళ దగ్గర ఇద్దరు కావాల్సి వస్తే మీ దగ్గరా ఇద్దరు కావాలి.